కాలు విరిగిన గుర్రం: ఆపరేషనా, కట్టు కట్టి ఆగడమా, ఆఖరి సూదా?

గుర్రాన్ని పెంచేవాళ్ళకి ఈ ఫోన్ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. నాకు వచ్చింది మాఘమాసంలో, పెళ్ళిళ్ళు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, రాత్రి పదకొండున్నరకి. బరాత్ ముగించుకుని తిరిగొస్తున్న మా ఆడగుర్రం ముందుకాలు రోడ్డు మీది డ్రైనేజీ జాలీలో దిగబడింది. నేను వెళ్ళేసరికి అది నిలబడే ఉంది, మూడు కాళ్ళ మీద. నాలుగోది మోకాలి కిందనుంచి వదులుగా ఊగుతోంది. ఒకచోట చర్మం చిట్లి ఎముక కొస అగ్గిపుల్ల తలంత బయటికి కనిపిస్తోంది. గుర్రాన్ని చూసుకునే సైసు దాని ముందు పచ్చగడ్డి వేశాడు. అది నములుతోంది కూడా. “తింటుంది గద సార్, ఏం గాదు” అన్నాడు నా మొహంలోకి చూస్తూ.

డాక్టరు గారు వచ్చారు. విరిగిన కాలిని ఒక్క చూపు చూసి, అవతలి పక్కకి తిరిగి, బాగున్న ముందుకాలి దగ్గర గొంతుక్కూర్చుని గిట్ట మీద అరచెయ్యి పెట్టారు. “ఇది ఎన్నాళ్ళు మోస్తుందో చూడాలి” అన్నారు.

నాకు ఆ మాట అప్పుడు ఎక్కలేదు. ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి “ఏం చెయ్యమంటావన్నా” అంటే నేను మొదట అడిగేది బాగున్న కాలి గురించే.

బాగున్న కాలితోనే గొడవ

మనిషికి కాలు విరిగితే మంచం ఎక్కిస్తాం. కుక్క మూడు కాళ్ళతో కుంటుకుంటూ బతికేస్తుంది. గుర్రానికి ఈ రెండూ కుదరవు. ఒళ్ళు 400 నుంచి 500 కిలోలు, అందులో దాదాపు 60 శాతం ముందుకాళ్ళ మీదే ఉంటుంది. రోజుల తరబడి పడుకుంటే తన బరువుకి తన ఊపిరితిత్తులూ కండరాలే నలిగిపోతాయి. నిలబడితే విరిగిన కాలి వాటా కూడా పక్క కాలే మొయ్యాలి.

గిట్ట లోపల ఒక చిన్న ఎముక ఉంటుంది. ఒకదానిలో ఒకటి దూరిన వందల సన్నటి పొరలు దాన్ని గిట్ట గోడకి పట్టి ఉంచుతాయి. గుర్రం బరువు మార్చుకుంటూ, అడుగులు వేస్తూ ఉంటేనే ఆ పొరలకి రక్తం సరిగ్గా అందుతుంది. రాత్రింబవళ్ళు ఒకే కాలి మీద భారం వేసి నిలబడితే పొరలు చచ్చి పట్టు వదిలేస్తాయి. ఎముక కిందికి జారుతుంది. దీన్నే లామినైటిస్ అంటారు. విరిగిన ఎముక అతుక్కోవడం మొదలైన రెండో వారంలోనో, నాలుగో వారంలోనో బాగున్న కాలు ఇలా పాడవుతుంది. చాలా గుర్రాలని చంపేది విరిగిన ఎముక కాదు, ఇది.

అందుకని “బతికించాలా, చంపాలా” అని తూకం వేస్తే లెక్క తప్పుతుంది. నిజంగా తూకం వెయ్యాల్సింది ఈ రాత్రి ఆఖరి సూదితో నొప్పి తెలియకుండా పోవడానికీ, ఆరు వారాలు బాధపడి తర్వాత పోవడానికీ మధ్య. బతికి బట్టకట్టే అవకాశం గట్టిగా ఉన్నప్పుడే మూడో పళ్ళెం ఒకటి వస్తుంది.

దెబ్బ ఎక్కడ తగిలిందన్నదే సగం నిర్ణయం

చూడ్డానికి భయంకరంగా ఉండి, హాయిగా బతికేసే దెబ్బలు ఉన్నాయి. మా ఇంకో గుర్రం ముళ్ళకంచెలో దూకి రొమ్ము చీల్చుకుంది. చర్మం, కండ కలిసి తువ్వాలులా వేలాడింది. చూసిన మా బావమరిది అక్కడే కళ్ళు తిరిగి కూర్చున్నాడు. కడిగి, కుట్లు వేసి, ధనుర్వాతం ఇంజెక్షన్ ఇచ్చి, రోజూ కడుగుతూ పోతే మానిపోయింది. ఇప్పుడు మచ్చ తప్ప ఏమీ లేదు. ఇప్పటికీ పెళ్ళికొడుకులని మోస్తోంది. కన్ను పోయిన గుర్రం కూడా అంతే, కన్ను తీసేశాక కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది. కటి ఎముక చిట్లితే నెలల తరబడి లాయంలో కట్టేసి ఉంచితే చాలావాటికి అతుక్కుంటుంది. క్యానన్ బోన్ (మోకాలి కింది పొడుగాటి ఎముక) కింది కొసలో నిలువునా చీలిక మాత్రమే వస్తే స్క్రూలు వేసి బిగిస్తారు, అలాంటివి మళ్ళీ పందెం పరిగెత్తిన సందర్భాలూ ఉన్నాయి. ఇలాంటి కేసుల్లో రక్తం చూసి సూదికి పరుగెత్తడం తొందరపాటు.

దీనికి పూర్తిగా తిరగేసినవీ ఉన్నాయి. గిట్ట అడుగున మేకు దిగింది. పీకేశారు. రంధ్రం కూడా కనపడటం లేదు. కానీ ఆ మేకు మధ్యలో, మెత్తటి భాగం గుండా లోతుగా దిగి ఉంటే లోపలి సంచిలో చీము పడుతుంది. కీలు దగ్గర బఠాణీ గింజంత గాయం, అందులోంచి పసుపు రంగు జిగట నీరు కారుతోందంటే కీలు తెరుచుకున్నట్టే. ఒక రోజులోపు ఆసుపత్రిలో లోపలంతా కడిగిస్తే ఆశ ఉంటుంది, మూడు రోజులు పసుపు రాసుకుంటూ కూర్చుంటే ఉండదు. మన దగ్గర ఎక్కువ గుర్రాలు పోయేది ఇలాంటి ‘చిన్న’ దెబ్బలతోనే అని నా అనుమానం.

ఇక మూడో రకం. పెద్ద గుర్రానికి మోకాలి పైని ఎముకగానీ, వెనక కాలి టిబియా (పిక్క ఎముక) గానీ, తొడ ఎముకగానీ పూర్తిగా విరిగి ముక్కలు పక్కకి జరిగితే ఎంత డబ్బున్నా దాదాపు చెయ్యగలిగింది లేదు. మోకాలి కింద ఎముక పొడిపొడి అయి, చర్మం చీల్చుకు వచ్చినా అంతే. గుర్రానికి మోకాలి కింద కండ లేదు. స్నాయువులు, ఎముక, పైన పలచటి చర్మం. రక్తం అందేది తక్కువ, మట్టి చేరేది ఎక్కువ. గిట్ట చల్లబడిపోయి ఉంటే రక్తనాళాలు తెగాయని అర్థం. వెన్ను విరిగి లేవలేకపోతుంటే, ఎంత లేపినా వెనకభాగం స్వాధీనంలో లేకపోతే, అక్కడ పోల్చడానికి రెండో దారి లేదు.

పిల్లల సంగతి వేరు. 100 కిలోల గుర్రప్పిల్లకి విరిగిన కాలే పెద్ద గుర్రానికి విరిగితే లెక్క మారిపోతుంది. పిల్ల ఎముక త్వరగా అతుకుతుంది, పక్క కాలి మీద భారమూ తక్కువ. పిల్ల విషయంలో ఎక్స్‌రే చూడకుండా నిర్ణయం తీసుకోవద్దు.

నాలుగు గుర్రాలు, నాలుగు దారులు

పందేల చరిత్రలో ఈ దారులన్నీ లోకం కళ్ళముందే నడిచాయి.

1975 జులై 6న న్యూయార్క్ బెల్మాంట్ పార్క్‌లో రఫియన్ అనే ఆడగుర్రం పరుగు మధ్యలో కుడి ముందుకాలు విరగ్గొట్టుకుంది. అంతకుముందు పరిగెత్తిన పది పందేలూ గెలిచిన గుర్రం. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. మత్తు దిగుతుండగా అది ఇంకా పందెంలోనే ఉన్నట్టు పడుకునే కాళ్ళు ఆడించింది. కట్టు బద్దలైంది, కాలు మళ్ళీ విరిగింది. తెల్లవారకముందే సూది ఇచ్చేశారు. గుర్రానికి ఆపరేషన్ ఎంత బాగా చేశారన్నది సగమే, మత్తులోంచి ఎలా లేస్తుందన్నది మిగతా సగం అని లోకానికి తెలిసింది అప్పుడే.

2006లో అమెరికాలోని కెంటకీ డెర్బీ పందెం గెలిచిన బార్బారో రెండు వారాలకే, మే 20న ప్రీక్‌నెస్ పందెంలో వెనక కుడికాలు విరగ్గొట్టుకున్నాడు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారి న్యూ బోల్టన్ సెంటర్‌లో డాక్టర్ డీన్ రిచర్డ్‌సన్ ప్లేటు పెట్టి 27 స్క్రూలు బిగించారు. మత్తులోంచి లేచేటప్పుడు కాళ్ళు కొట్టుకోకుండా తెప్పలాంటి దానిలో వేలాడదీసి నీటికొలనులో తేల్చారు. యజమానులకి డబ్బుకి కొదవ లేదు, వైద్యం అంతకంటే మెరుగ్గా ఎక్కడా దొరకదు. అయినా జులైలో బాగున్న వెనక ఎడమకాలికి లామినైటిస్ వచ్చింది. గిట్టలో 80 శాతం తీసెయ్యాల్సి వచ్చింది. విరిగిన కాలు అతుక్కుంటూ వచ్చింది, ఆఖరికి ముందుకాళ్ళు రెండూ పాడయ్యాయి. 2007 జనవరి 29న సూది ఇచ్చి ఆపేశారు. ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల్లో మంచి రోజులు చాలానే ఉన్నాయి, బయట గడ్డిలో తిప్పేవాళ్ళు. కాబట్టి వాళ్ళు తప్పు చేశారని నేను అనను. కానీ మా దగ్గర 27 స్క్రూలూ లేవు, కొలనూ లేదు.

2008 కెంటకీ డెర్బీలో రెండో స్థానంలో వచ్చిన ఎయిట్ బెల్స్‌కి గీత దాటాక రెండు ముందుకాళ్ళూ విరిగాయి. ట్రాక్ మీదే సూది ఇచ్చారు. అంత తొందరేమిటని చాలామంది తిట్టుకున్నారు. రెండు ముందుకాళ్ళు విరిగితే భారం మొయ్యడానికి ముందువైపు ఇంక కాలే లేదు. ఈ నాలుగింట్లో అందరికంటే సులువైన నిర్ణయం అదే అని నా లెక్క.

నాలుగోది మిల్ రీఫ్. 1971లో ఇంగ్లండ్ డెర్బీ గెలిచింది. మరుసటి ఏడు సాధనలో ముందుకాలు విరిగింది. ఆపరేషన్ చేసి పట్టీ వేశారు. వారాల తరబడి లాయంలో కదలకుండా నిలబడింది, ఎవరి మీదా విసుక్కోలేదు. బతికి, సంతానోత్పత్తికి వెళ్ళి, 1978లో, 1987లో డెర్బీ గెలిచిన గుర్రాలకి తండ్రి అయింది. దానికి కలిసొచ్చినవాటిలో నెమ్మదైన స్వభావం ఒకటి. కట్టేసి ఉంచితే గోడలు తన్నే గుర్రానికి ఎక్స్‌రేలో ఎముక ఎంత బాగా అతికేలా కనిపించినా వైద్యం నిలవదు. మీ గుర్రం స్వభావం డాక్టరుకి తెలియదు, మీకే తెలుసు. ఆయన అడక్కపోయినా చెప్పండి.

మొదటి గంటలో

నడిపించవద్దు. తోసి బండెక్కించే పని అసలే వద్దు. కాలికి గట్టి ఆధారం కట్టకుండా కదిపితే, అతికే ఎముక అతకనిది అవుతుంది. డాక్టరు వచ్చేలోపు దిండు, దుప్పటి చుట్టి, బయట రెండు కర్రలు లేదా పీవీసీ పైపు చీల్చిన ముక్కలు పెట్టి కట్టొచ్చు, అదీ గుర్రం కట్టనిస్తేనే. నొప్పి మందు సొంతంగా ఇవ్వకండి. నొప్పి తెలియకపోతే అది విరిగిన కాలిని నేల మీద పెట్టేస్తుంది.

చేతనైతే నాడి లెక్కపెట్టండి. దవడ ఎముక కింద, లోపలివైపు వేలు జార్చితే తాడులా ఒక నరం తగులుతుంది. మామూలుగా నిమిషానికి 30 నుంచి 40 సార్లు. డాక్టరు ఇచ్చిన నొప్పి మందు పట్టాల్సిన టైము దాటాక కూడా 60కి పైనే ఉంటే, అది గడ్డి తింటున్నా సరే, తట్టుకోలేని నొప్పిలో ఉంది. గుర్రం వేటాడబడే జంతువు, నొప్పి బయటపెట్టడం దాని స్వభావంలో లేదు. మా సైసుకి ఆ రాత్రి నేను చెప్పలేకపోయింది ఇదే. మెడ, చంకల దగ్గర చెమట పట్టిందా, ముక్కుపుటాలు పెద్దవయ్యాయా, చిగుళ్ళు గులాబీ రంగు పోయి పాలిపోయాయా, ఇవన్నీ గడ్డి కంటే నిజం చెబుతాయి.

ఎక్స్‌రే తీయించగలిగితే తీయించండి. చేతిలో పట్టుకునే యంత్రాలు వచ్చాయి, లాయం దగ్గరికే తెస్తారు. ఎముక బయటికి వచ్చేసిన కేసులో మాత్రం ఎక్స్‌రే కోసం రాత్రంతా ఆగడం గుర్రం కోసం కాదు, మన మనసు కోసం. నేను చేసింది అదే. రెండో డాక్టరు కూడా చెబితేగానీ నమ్మబుద్ధి కాలేదు. ఆయన వచ్చేసరికి ఉదయం ఏడు. మొదటాయన రాత్రి చెప్పిందే చెప్పారు. ఆ ఏడు గంటలు అది మూడు కాళ్ళ మీద నిలబడే ఉంది. నేను ఆ ఏడు గంటలూ పక్కనే ఉన్నాను కాబట్టి దానికి ధైర్యంగా ఉందని అప్పట్లో చెప్పుకునేవాణ్ణి.

డబ్బు మాట

సిగ్గుపడకుండా మాట్లాడాలి. ఆపరేషన్ ఖర్చు ఒకసారే. దాని వెనక ఆరు నెలలో ఏడాదో సైసు జీతం, దాణా, కట్లు, మందులు, రవాణా ఉంటాయి. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదంటారు కదా, కుంటిదైనా అంతే. డాక్టరుని అడగాల్సింది “ఎంతవుతుంది” అని ఒక్కటే కాదు. “అన్నీ బాగా జరిగితే ఇది ఎలా ఉంటుంది? మళ్ళీ బరువు మోస్తుందా, ఊరికే మేస్తూ తిరుగుతుందా, కుంటుతూ ఉంటుందా?” అని అడగండి. ఊరికే మేస్తూ తిరిగినా చాలు అని మీరనుకుంటే, మేపడానికి నేల కూడా ఉంటే, అది మంచి కారణమే. సంపాదించి పెట్టదు కాబట్టి సూది వేయించడం, డబ్బు లేక వైద్యం చేయించలేక సూది వేయించడం, రెండూ ఒకటి కావు. రెండోదాన్ని నేను తప్పు పట్టను. అప్పు చేసి మొదలుపెట్టి, మూడో వారంలో కట్టు మార్చడానికి డబ్బు లేక ఆగిపోయే వైద్యం గుర్రానికి అన్నిటికంటే ఘోరం.

పాడేరు ఏజెన్సీలో కొండదారుల్లో సరుకు మోసే గుర్రాలకి ఈ మూడు దారులూ ఉండవు. ఎముకల ఆపరేషన్ చేసే చోటు అందుబాటులో లేదు, ఆ ఘాట్‌రోడ్డు మీద విరిగిన కాలితో బండిలో తేవడమే ఒక చిత్రహింస. అక్కడ కట్టు కట్టి ఆగగలమా, లేదా అన్నది ఒక్కటే ప్రశ్న.

‘చూద్దాం’ అనేది దారి కాదు

కట్టు కట్టి ఆగడం ఒక వైద్యం. దానికి గడువు ఉంటుంది, మందులు ఉంటాయి, రోజూ చూసేవాళ్ళు ఉంటారు. ‘చూద్దాం’ అంటే ఇవేవీ లేకపోవడం. ఇంకొంతమంది ఊరి బయట వదిలేసి వస్తారు, “దేవుడే చూసుకుంటాడు” అని. తిండీ నీళ్ళూ దొరక్క బాధపడే చోట జంతువుని వదిలెయ్యడం 1960 జంతు హింస నిరోధక చట్టం కింద నేరం.

ఆగాలని నిర్ణయించుకుంటే ఆ రోజే ఒక కాగితం మీద ఎక్కడ ఆపుతారో రాసుకోండి. రెండో వారంలో రాయలేరు, అప్పటికి దాని మీద ఇంకా మమకారం పెరిగి ఉంటుంది. మేం ఇప్పుడు రాసుకునేవి ఇవి: నొప్పి మందు మీద ఉండగా కూడా రెండు రోజులు వరసగా తిండి మానేస్తే, బాగున్న గిట్ట వేడెక్కి, ఎక్స్‌రేలో లోపలి ఎముక కిందికి జారినట్టు కనిపిస్తే, పడుకుని తనంతట తాను లేవలేకపోతే. ఒక్కటి జరిగినా చాలు. డాక్టరు నంబరూ, ఎవరు సంతకం పెట్టాలో కూడా అదే కాగితం మీద ఉంటుంది.

అమెరికాలో గుర్రాల డాక్టర్ల సంఘం వాళ్ళ మార్గదర్శకాలు కూడా దాదాపు ఈ దారిలోనే ఉంటాయి. నయం కాని జబ్బుతో ఆగని నొప్పి, బతికే ఆశ లేకపోవడం, తనకీ దగ్గరికొచ్చేవాళ్ళకీ ప్రమాదంగా మారడం, జీవితాంతం నొప్పి మందుల మీదే ఉండాల్సి రావడం, జీవితాంతం లాయంలో బందీగా ఉండాల్సి రావడం. ఈ ఆఖరిది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. మన దగ్గర మంచి ఆరోగ్యంతో ఉన్న గుర్రాలే చాలావరకు అలా బతుకుతాయి.

సూది వేయించడం పాపం అనేవాళ్ళకి నా దగ్గర జవాబు లేదు. మా అమ్మ ఆ మాటే అంది. సైసు తాడు పట్టుకోనన్నాడు. బలవంతం చెయ్యలేదు, నేనే పట్టుకున్నాను.

సూది రోజు

చట్టం సంగతి ముందు. యజమాని మీరే అయితే మీ లిఖిత అంగీకారం, డాక్టరు రాసిచ్చే కాగితం దగ్గర పెట్టుకోండి. యజమాని లేకపోయినా, ఒప్పుకోకపోయినా 1960 చట్టంలోని 13వ సెక్షన్ ఒక దారి చూపిస్తుంది. కానిస్టేబుల్ పైస్థాయి పోలీసు అధికారి ఆ ప్రాంతపు పశువైద్యాధికారిని పిలిపించి, బతికించి ఉంచడం క్రూరత్వమని ఆయన ధ్రువీకరిస్తే, మేజిస్ట్రేటు ఉత్తర్వు తీసుకుని జంతువుకి బాధ తప్పించవచ్చు. రోడ్డు మీద లారీ గుద్దిన గుర్రానికి, యజమాని ఎవరో తెలియనప్పుడు పనికొచ్చే సంగతి ఇది. బీమా ఉంటే సూదికి ముందే కంపెనీకి ఫోన్ చేసి చెప్పండి, ఫోటోలు తీసుకోండి.

ముందు మత్తు మందు ఇస్తారు. తల కిందికి వాలుతుంది, పెదవి వేలాడుతుంది. ఆ తర్వాతే ఆఖరి మందు మెడ నరంలోకి. సెకన్లలో కూలుతుంది. 450 కిలోలు ఎటు పడతాయో చెప్పలేం కాబట్టి ఎదురుగా నిలబడకండి, తాడు పొడుగ్గా పట్టుకోండి, పట్టుకున్నవాళ్ళు డాక్టరు చెప్పినట్టే వినండి. పడ్డాక ఒకటి రెండు పెద్ద ఊపిర్లు తీసినట్టు అనిపించవచ్చు, కండరాలు అదురుతాయి, కళ్ళు తెరిచే ఉంటాయి. అది బతికుందని కాదు. డాక్టరు గుండె చప్పుడు విని, కంటి గుడ్డుని వేలితో తాకి రెప్ప కదలడం లేదని చూసుకున్నాకే లేస్తారు.

చోటు ముందే చూసుకోండి. జేసీబీ రాగలిగిన చోట, బావికీ చెరువుకీ దూరంగా. ఆ ఉదయం మా గొయ్యి తవ్వడానికి వచ్చిన జేసీబీ సందులో పట్టలేదు, ఆ రెండు గంటలు నేను మర్చిపోలేను. ఒంట్లో ఆ మందు నిలిచే ఉంటుంది కాబట్టి కళేబరాన్ని బయట పడెయ్యకూడదు. తిన్న కుక్కలూ రాబందులూ చచ్చిపోతాయి. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వల్లే దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయి, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించాల్సి వచ్చింది. మన ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపుగుట్ట మీద మిగిలిన రాబందులని కాపాడుకోవడానికే ఎంత తంటాలు పడాల్సి వచ్చిందో తెలిసిందే. లోతైన గొయ్యి, పైన సున్నం, ఆపైన మట్టి, దాని మీద కుక్కలు తవ్వకుండా బండరాళ్ళు.

జోడీ గుర్రం ఉంటే దాన్ని దూరంగా తోలెయ్యకండి. మా రొమ్ము మచ్చ గుర్రాన్ని ఆ ఉదయం పక్క లాయంలో కట్టేశాం, అది సాయంత్రం దాకా సకిలిస్తూనే ఉంది. తర్వాత ఒకసారి ఇంకో చోట, తెలిసినవాళ్ళ గుర్రం పోయినప్పుడు, జోడీదాన్ని వదిలిపెట్టారు. అది వచ్చి చెవుల దగ్గర, ముక్కు దగ్గర వాసన చూసింది, ముందుకాలితో ఒకసారి మెల్లిగా తోసింది. పావుగంట అక్కడే నిలబడి, తర్వాత తనంతట తాను గడ్డివైపు వెళ్ళిపోయింది.